లా స్కూల్‌కి ప్రొఫెసర్ల దగ్గర రికమెండేషన్ లెటర్లు ఎలా తీసుకోవాలి?

సిఫారసు లెటర్ అనగానే మనకి గుర్తొచ్చేది వేరు. హాస్టల్ సీటుకి ఎమ్మెల్యే లెటర్, తిరుమల దర్శనానికి ఇంకో పెద్దమనిషి లెటర్. లోపల ఏం రాశారో ఎవరూ చదవరు, కింద సంతకం ఎవరిదో చూస్తారంతే. అమెరికా లా స్కూళ్ళు అడిగే రికమెండేషన్ లెటర్ దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడి అడ్మిషన్ కమిటీకి మీ ప్రొఫెసర్ పేరు తెలియకపోయినా ఇబ్బంది లేదు. రాసినాయన ఈ పిల్లనో పిల్లాడినో నిజంగా దగ్గరగా చూశాడా, చూస్తే ఏం చూశాడు అన్నదే వాళ్ళకి కావాలి.

లా చదివినవాళ్ళకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు. 1872 నాటి పాత సాక్ష్య చట్టంలో 60వ సెక్షన్ గుర్తుంది కదా, నోటిమాట సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలని, చూసిన సంగతైతే చూసినవాడే వచ్చి చెప్పాలని? 2024 జూలై 1 నుంచి ఆ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది గానీ ఆ సూత్రం మాత్రం అలాగే ఉంది. రికమెండేషన్ లెటర్ కూడా సాక్ష్యమే. మీరు వెతకాల్సింది ప్రత్యక్ష సాక్షిని.

అసలు ఇది ఎవరికి అవసరమో ముందు చూసుకోండి. క్లాట్, లాసెట్ రాసి ఇక్కడి కాలేజీల్లో చేరేవాళ్ళకి ఈ గొడవే లేదు, ర్యాంకు వస్తే సీటు. అమెరికాలో జేడీకి (ఏదో ఒక డిగ్రీ అయ్యాక చేసే మూడేళ్ళ లా కోర్సు), ఇక్కడ ఎల్‌ఎల్‌బీ చేసి అక్కడ ఏడాది ఎల్‌ఎల్‌ఎంకి వెళ్ళేవాళ్ళకి లెటర్లు కావాలి. యేల్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ జేడీకి కనీసం రెండు అడుగుతాయి. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ బీసీఎల్‌కి (అక్కడి పీజీ లా కోర్సు) మూడు, కేంబ్రిడ్జ్ ఎల్‌ఎల్‌ఎంకి రెండు. నేను ఎక్కువగా అమెరికా సంగతే రాస్తున్నాను, ఎందుకంటే తికమక అంతా అక్కడే.

ఎవరిని అడగాలి

ఒక తెల్లకాగితం తీసుకుని కాలేజీలో మీకు పాఠం చెప్పినవాళ్ళందరి పేర్లూ రాయండి. ప్రతి పేరు పక్కన ఒకటే ప్రశ్న: ఈయన నా రాత చదివారా, నా వాదన విన్నారా? మూట్ కోర్టుకి (విద్యార్థుల నకిలీ కోర్టు పోటీ) మీ మెమోరియల్, అంటే రాతపూర్వక వాదన, దిద్దిన మేడమ్, సెమినార్ పేపర్‌ని ఎర్ర పెన్నుతో నింపి వెనక్కి ఇచ్చిన సార్, క్లాసులో మీరు అడ్డంగా ప్రశ్న వేస్తే పావుగంట మీతో వాదించిన గెస్ట్ లెక్చరర్, వీళ్ళు పనికొస్తారు. ప్రిన్సిపాల్ గారు పనికిరాకపోవచ్చు. 100 మంది ఉన్న సెక్షన్‌లో మీకు ఎక్కువ మార్కులు వేసిన సార్‌కి మీ ముఖం కూడా గుర్తు లేకపోతే, ఆయన రాయగలిగింది మీ మార్కుల మెమోలో ముందే ఉంది.

ఇంట్లో వాళ్ళు ఇక్కడ అడ్డం పడతారు, కాచుకోండి. "మన బాబాయ్ ఫ్రెండు రిటైర్డ్ జడ్జి, ఆయన రాస్తే తిరుగుండదు కదా" అంటారు. ఆయన మిమ్మల్ని పెళ్ళిళ్ళలో తప్ప ఎక్కడా చూసి ఉండకపోతే వద్దు. అదే ఆయన దగ్గర ఆరు నెలలు ఇంటర్న్‌గా ఉండి నోట్లు రాసిపెట్టి ఉంటే, అప్పుడు ఆయన కూడా సాక్షే, మూడో లెటర్‌గా పెట్టుకోండి. కాలేజీ వదిలి చాలా ఏళ్ళయినవాళ్ళు సీనియర్ అడ్వకేట్ దగ్గర ఒకటి తీసుకున్నా, ఒక్కటైనా ప్రొఫెసర్ దగ్గర నుంచి ఉండేలా చూసుకోవడం మంచిది. లా స్కూల్‌కి తెలియాల్సింది మీరు చదువులో ఎలా ఉంటారన్నది.

జేడీకి అప్లై చేసేవాళ్ళు లా ప్రొఫెసర్ల కోసం వెతకక్కర్లేదు, దొరకరు కూడా. డిగ్రీలో ఏ సబ్జెక్టు సార్ అయినా సరే. ఇక్కడ బీటెక్, అక్కడ ఎంఎస్ చేసి పేటెంట్ లా వైపు వెళ్దామనుకునే మనవాళ్ళు కొందరుంటారు, వాళ్ళకి థీసిస్ గైడే అన్నిటికన్నా మంచి సాక్షి, నూటయాభై పేజీల మీ రాతని ఓపికగా చదివిన మనిషి ప్రపంచంలో ఆయన ఒక్కడే అయి ఉంటాడు.

ఎప్పుడు, ఎలా అడగాలి

అమెరికాలో జేడీ అప్లికేషన్లు చాలా చోట్ల సెప్టెంబర్ ప్రాంతంలో తెరుస్తారు, వచ్చినవి వచ్చినట్టు చదువుతూ సీట్లు ఇచ్చుకుంటూ పోతారు. లెటర్లు రానిదే ఫైలు పూర్తయినట్టు కాదు, పూర్తికాని ఫైలుని ఎవరూ ముట్టుకోరు. ఎల్‌ఎల్‌ఎంకి గడువులు చాలావరకు డిసెంబర్, జనవరి మధ్య ఉంటాయి. కాబట్టి జూలై, ఆగస్టులో అడిగేయండి. కనీసం ఆరు వారాలు చేతిలో ఉండాలి. పేపర్లు దిద్దే రోజుల్లో, కాలేజీలకి గ్రేడ్లు ఇచ్చే న్యాక్ వాళ్ళు వస్తున్నారని కాలేజీ అంతా ఫైళ్ళు సర్దుకుంటున్న వారంలో వెళ్ళి అడిగితే ఆయన సరే అంటారు, మర్చిపోతారు.

వీలైతే మనిషిని కలిసి అడగండి. కారిడార్‌లో పట్టుకుని కాదు, స్టాఫ్ రూమ్‌లో ఆయన ఖాళీగా ఉన్నప్పుడు, ముందే ఫోన్ చేసి. అడిగే మాట ముఖ్యం. "సార్, ఒక రికమెండేషన్ లెటర్ కావాలి" అంటే ఆయన కాదనలేరు, మన దగ్గర కాదనడం మర్యాద కాదు, సరే అని రెండు పేరాలు పొడిపొడిగా రాసిస్తారు. ఇలా అడగండి: "సార్, ఎల్‌ఎల్‌ఎంకి అప్లై చేస్తున్నాను. నా పని గురించి వివరంగా రాయగలిగేంత మీకు నేను తెలుసని అనుకుంటున్నాను. మీకు అలా అనిపించకపోయినా, టైమ్ లేకపోయినా మొహమాటపడకుండా చెప్పండి సార్, ఇంకొకరిని అడుగుతాను." ఇందులో ఆయన తప్పుకోవడానికి దారి ఉంది. ఆ దారి ఉన్నా తప్పుకోలేదంటే మంచి లెటర్ వస్తుంది. కాస్త నసిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి, బాధపడకండి, ఆయన మీకు మేలే చేశారు.

ఊరు మారిపోయి మెయిల్‌లోనే అడగాల్సి వస్తే మీరు ఏ బ్యాచ్, ఆయన చెప్పిన సబ్జెక్టు ఏది, ఏ సంఘటనలో మీరు ఆయనకి గుర్తుండే అవకాశం ఉంది అన్నవి మొదటి మూడు లైన్లలోనే రాసి, ఫోటో కూడా పెట్టండి. ఏటా వందల మందిని చూసే మనిషికి పేరు కన్నా ముఖం తొందరగా గుర్తొస్తుంది.

ఆయన చేతిలో ఏం పెట్టాలి

సరే అన్న రోజు సాయంత్రమే ఒక్క మెయిల్‌లో అన్నీ పంపండి: మార్కుల మెమోలు, రెజ్యూమే, మీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (డ్రాఫ్ట్ అయినా పర్వాలేదు), ఏ స్కూళ్ళకి పంపుతున్నారో వాటి గడువులు. వీటన్నిటికన్నా విలువైనది ఆయనే దిద్దిన మీ పాత పేపర్ స్కాన్ కాపీ. దాని మీద ఆయన చేతిరాత చూసుకోగానే మీరు గుర్తొస్తారు.

దాంతోపాటు ఒక పేజీలో మూడు నాలుగు సంఘటనలు గుర్తు చేయండి. పొగడ్తలు రాయకండి, జరిగింది రాయండి. "థర్డ్ ఇయర్‌లో కేశవానంద భారతి కేసు మీద ప్రెజెంటేషన్ ఇచ్చాను, మైనారిటీ తీర్పులు చదవలేదని మీరు వెనక్కి పంపారు, రెండు వారాల తర్వాత అవి చదివి మళ్ళీ చేశాను" లాంటివి. 1973లో 13 మంది జడ్జిలు కూర్చుని 7-6తో తేల్చిన కేసుకి ఓడిపోయిన ఆరుగురి మాటలు కూడా వెనక్కి వెళ్ళి చదివిన విద్యార్థి అంటే అమెరికాలో కూర్చున్నవాడికి ఇట్టే అర్థమవుతుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన కాలేజీల్లో రికమెండేషన్ లెటర్ అంటే చాలాసార్లు కాండక్ట్ సర్టిఫికెట్‌కి పెద్దన్నయ్యలా ఉంటుంది. సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఒబీడియెంట్, అందరితో కలుపుగోలుగా ఉంటాడు, ఉజ్వల భవిష్యత్తు ఉండాలని కోరుకుంటున్నాను. అయిపోయింది. ఇందులో ఒబీడియెంట్ అన్న మాట చూడండి, మనకి అది పెద్ద మెప్పు, కానీ రేపు కోర్టులో నిలబడి ఎదుటివాడి మాట కాదనాల్సిన మనిషికి అది ఏం అర్హత? మీ సార్‌కి ఇది మొహం మీద చెప్పలేరు. సంఘటనలు చేతిలో పెడితే చాలు, ఆ మాటలు వాటంతట అవే వెనక్కి పోతాయి. ఇంకో సంగతి మాత్రం అడగొచ్చు: ఇన్నేళ్ళలో తాను చూసిన విద్యార్థుల్లో మీరు ఎక్కడ ఉంటారో ఒక వాక్యం రాయగలరా అని. అక్కడి కమిటీలు ఆ పోలిక కోసం చూస్తాయి.

"నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతా"

ఈ మాట వినని లా స్టూడెంట్ మన దగ్గర ఉండడేమో. నేనూ విన్నాను, ఒకరి దగ్గర కాదు, ఇద్దరి దగ్గర. రాత్రంతా కూర్చుని రెండూ నేనే రాశాను, నాకు చాలా తెలివైన పని చేసినట్టే అనిపించింది. పంపే ముందు మా రూమ్మేట్ చదివి, ఈ ఇద్దరు సార్లూ చిన్నప్పుడు ఒకే ట్యూషన్‌లో చదువుకున్నారా అని అడిగాడు. రెండింటిలోనూ అవే కామాలు, అదే విరుపు, నా స్టేట్‌మెంట్‌లో ఉన్న ఒక మాట కూడా రెండింటిలో ఉంది. రోజుకి వందల లెటర్లు చదివేవాళ్ళకి అది పట్టుకోవడానికి నిమిషం చాలు. రెండూ చింపేశాను.

దొరికిపోతామన్నది పక్కన పెట్టినా, ఇది తప్పుడు సాక్ష్యమే. లెటర్ రాసినవారి సొంతది అయి ఉండాలి, అప్లికేషన్‌లో మోసం బయటపడితే సీటు పోవడంతో ఆగకుండా రేపు లాయరుగా బార్‌లో చేరేటప్పుడు కూడా మెడకి చుట్టుకుంటుంది. సార్ అలా అన్నప్పుడు కాదని ఎదురు చెప్పకండి. "పాయింట్లు రాసిస్తాను సార్, మీ మాటల్లో ఉంటేనే వాళ్ళు తీసుకుంటారట" అనండి. టైపింగ్ బాధ అయితే ఆయన తన ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి డిపార్ట్‌మెంట్‌లో ఎవరిచేతనైనా టైప్ చేయించుకోవచ్చు, ఈ సలహాకి ఒప్పుకున్నవాళ్ళున్నారు. ఇంగ్లీషు కాస్త గరుకుగా ఉన్నా ఏం కాదు. అయినా నువ్వే రాసుకో అంటే మాత్రం ఇంకో సాక్షిని చూసుకోవాల్సిందే.

ఎల్‌శాక్‌లో చేయాల్సిన పని

అమెరికా లా స్కూళ్ళ లెటర్లు చాలావరకు లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్ ద్వారా వెళ్తాయి, లా స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష ఎల్‌శాట్ పెట్టేది కూడా వాళ్ళే, అందరూ ఎల్‌శాక్ అంటారు. అక్కడ అకౌంట్ తెరిచి క్రెడెన్షియల్ అసెంబ్లీ సర్వీస్‌లో (మీ మార్కులు, లెటర్లు ఒకచోట చేర్చి స్కూళ్ళకి పంపేది) రిజిస్టర్ అయ్యాక, రికమెండర్ పేరు, హోదా, ఈమెయిల్ ఇవ్వాలి. కాలేజీ డొమైన్ ఉన్న మెయిల్ ఉంటే అదే ఇవ్వండి. మన సార్లు చాలామంది వాడేది జీమెయిలే, కాలేజీ ఐడీ తెరిచి ఏళ్ళయి ఉంటుంది, కాబట్టి పాస్‌వర్డ్ గుర్తుందా అని ముందే మర్యాదగా కనుక్కోండి.

ఈ లెటర్‌ని చూసే హక్కు వదులుకుంటారా అని ఒక ప్రశ్న వస్తుంది. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది, అందుకే అడుగుతారు. వదులుకోండి. మీరు చదువుతారని తెలిసి రాసిన లెటర్‌ని ఎవరూ పూర్తిగా నమ్మరు. ఆయనంతట ఆయన కాపీ ఇస్తే అది వేరే సంగతి.

తర్వాత ప్రొఫెసర్‌కి ఒక లింకు వెళ్తుంది, ఆయన అందులో లెటర్ అప్‌లోడ్ చేయాలి. లెటర్‌హెడ్ మీద ఉండాలి, తేదీ ఉండాలి, సంతకం తప్పకుండా ఉండాలి, సంతకం లేకపోతే తిరిగొస్తుంది. ఆ లింకు స్పామ్‌లో పడటం మామూలే. నా లెటర్లలో ఒకటి మూడు వారాలు అలా స్పామ్‌లో నిద్రపోయింది, నేను ఆయన రాయలేదనుకుని, ఆయన నేను పంపలేదనుకుని, ఇద్దరం మొహమాటంతో ఒకరినొకరు అడగలేదు. లింకు పంపిన రోజే ఫోన్ చేసి "వచ్చిందా సార్, స్పామ్‌లో కూడా ఒకసారి చూడండి" అనండి, కుదిరితే పక్కన కూర్చుని లింకు ఎలా తెరవాలో చూపించి, లెటర్ పెట్టేటప్పుడు బయటికి వచ్చేయండి.

లెటర్ ఎల్‌శాక్‌కి చేరింది కదా అని ఊపిరి పీల్చుకోకండి. ఏ లెటర్ ఏ స్కూల్‌కి వెళ్ళాలో మీరే అకౌంట్‌లో అసైన్ చేయాలి. ఇది చేయక లెటర్లు అక్కడే పడి ఉండి, ఫైలు ఎందుకు కదలట్లేదో తెలియక తలపట్టుకునేవాళ్ళు ఉంటారు. ఒక్కో స్కూల్ ఎన్ని తీసుకుంటుందో కూడా చూసుకోండి, ఎక్కువైతే ఏవి పంపాలో ఎంచుకోవాల్సింది మీరే. కొన్ని స్కూళ్ళు ఎల్‌ఎల్‌ఎంకి ఎల్‌శాక్‌తో సంబంధం లేకుండా తమ సొంత పోర్టల్‌లోనే అడుగుతాయి, అప్పుడు సార్‌కి రెండు చోట్ల నుంచి లింకులు వెళ్తాయి, ముందే చెప్పకపోతే రెండోదాన్ని పొరపాటున వచ్చిందనుకుని వదిలేస్తారు.

గుర్తు చేయడం, ఆ తర్వాత

ప్రొఫెసర్‌కి అసలు గడువు కన్నా రెండు వారాలు ముందున్న తేదీ చెప్పండి. ఆ తేదీకి పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఇంకోసారి చిన్న వాట్సాప్ చాలు. "మర్చిపోయారా సార్" అనొద్దు. "సార్, నా స్టేట్‌మెంట్ కొంచెం మార్చాను, కొత్తది పంపుతున్నాను, లెటర్‌కి పనికొస్తుందేమో చూడండి" అంటే గుర్తు చేసినట్టూ ఉంటుంది, నిలదీసినట్టూ ఉండదు. ఇద్దరు కావాల్సిన చోట ముగ్గురిని అడిగి పెట్టుకోవడం ఇందుకే, చివరి నిమిషంలో ఒకరికి ఒంట్లో బాగోకపోవచ్చు, ఇంకొకరు కూతురి పెళ్ళి పనుల్లో ఉండొచ్చు.

స్వీట్ బాక్సు లెటర్ వెళ్ళాకే తీసుకెళ్ళండి, ముందు కాదు. సీటు వచ్చినా రాకపోయినా ఫలితం మాత్రం ఆయనకి ఫోన్ చేసి చెప్పండి, ఆయన ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి. ఆ ఏడాది కుదరక మళ్ళీ అప్లై చేయాల్సి వస్తే, లెటర్లు మీ ఎల్‌శాక్ అకౌంట్‌లోనే ఉంటాయి, మళ్ళీ వాడుకోవచ్చు. కాకపోతే ఈలోగా మీరు ఏదైనా కొత్త పని చేసి ఉంటే తేదీ మార్చి రెండు లైన్లు కలపమని అడగండి, రెండేళ్ళ కిందటి తేదీతో ఉన్న లెటర్ చదివేవాళ్ళకి ఈ రెండేళ్ళూ ఈ మనిషి ఏం చేశాడన్న అనుమానం వస్తుంది.