శరత్కాలంలో ఫ్యామిలీ ఫొటోలు: బట్టల కన్నా ముందు వేళ చూసుకోండి

రంగు మారిన చెట్ల కింద ఇంటిల్లిపాదీ ఫొటోలు దిగాలనుకోగానే అందరికీ ముందు బట్టలే గుర్తొస్తాయి. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది టైము. సూర్యాస్తమయానికి ముందు గంటసేపు వెలుతురు మెత్తగా, పక్క నుంచి పడుతుంది. ముఖాల మీద గాటు నీడలుండవు, ఆకులు వెనక నుంచి వెలుగుతాయి. అయితే ఈ కాలంలో పొద్దు తొందరగా కుంగుతుంది. ఆకులు రంగు మారే చలి ప్రాంతాల్లో సూర్యాస్తమయం రెండు వారాల్లో 20 నుంచి 30 నిమిషాలు ముందుకు జరుగుతుంది. గడియారాలు గంట వెనక్కి తిప్పే దేశాల్లో ఆ తేదీ దాటితే ఇంకో గంట పోయినట్టే. కాబట్టి ఫొటోలు తీసే రోజు సూర్యాస్తమయం ఎప్పుడో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి. 5:50కి సూర్యాస్తమయమైతే 4:50కి మొదటి ఫొటో పడాలి, 4:30కల్లా అక్కడికి చేరాలి, పిల్లల నిద్ర 3:30కే అయిపోవాలి, కడుపు నిండి ఉండాలి.

వీలుంటే రెండు మూడు రోజుల ముందు అదే వేళకి ఆ చోటుకి వెళ్లి చూసి రండి. పడమట కొండో, ఎత్తయిన చెట్ల వరసో ఉంటే అసలు సూర్యాస్తమయానికి అరగంట ముందే ఎండ పోతుంది. ఆకులు నిండుగా రంగెక్కి ఉండేది మహా అయితే వారం, రెండు వారాలు. ఒక్క రాత్రి గాలివాన చాలు, కొమ్మలు బోసిపోవడానికి. అందుకే మరో తేదీ కూడా అనుకుని పెట్టుకోవాలి. ఇంకా కొంచెం ఆకుపచ్చ మిగిలుండగా తీస్తేనే మేలు, పూర్తిగా పండాలని ఆగితే రాలిపోతాయి.

ఇక బట్టలు. చుట్టూ పసుపు, నారింజ, ఎరుపు ఉన్నప్పుడు అవే రంగులు వేసుకుంటే మనుషులు ఆకుల్లో కలిసిపోతారు. ముదురు నీలం, బూడిద, మీగడ రంగు, ముదురు ఆకుపచ్చ బాగా తేలతాయి. అందరూ ఒకే రంగు వేసుకోవడం యూనిఫారంలా కనిపిస్తుంది. మూడు నాలుగు రంగులు ఎంచుకుని తలా ఒకటి పంచుకుంటే సరిపోతుంది. మెరిసే ఫ్లోరోసెంట్ రంగులు వద్దే వద్దు. వాటి ఛాయ గడ్డం కింద చర్మం మీద పడుతుంది, తర్వాత దాన్ని తీసేయడం పెద్ద తలనొప్పి. సన్నని గీతలు, చిన్న చిన్న గళ్లు కెమెరాలో అలలు అలలుగా వస్తాయి. అందరి బట్టలూ మంచం మీద పక్కపక్కన పరిచి, ఫోన్‌తో ఒక ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే పక్కపక్కన నిలబడినప్పుడు ఎవరు ఎక్కడో తెలియదు, ఒకరిద్దరివి మార్చండి. పిల్లల స్వెటర్లు రెండు వారాల ముందే తొడిగి చూడాలి, పోయినేటివి ఈ ఏడు పట్టవు.

చలికి ముక్కులు ఎర్రబడతాయి, భుజాలు బిగుసుకుపోతాయి. లోపల పల్చటి థర్మల్ వేసుకుని, పైన మామూలు కోటు కప్పుకుని ఉండి, ఫొటో తీసేటప్పుడు మాత్రం కోటు తీసేయండి. ఎండకు నల్లబడే కళ్లద్దాలు చలిలో ఇంకా ఎక్కువ నల్లబడతాయి. వాటి బదులు మామూలు జత తెచ్చుకోండి. తడి ఆకుల మీద నున్నటి అడుగుల చెప్పులు జారతాయి, సన్నని హీల్స్ మట్టిలో దిగబడతాయి. నేల మీద కూర్చునేట్టయితే దుప్పటి కింద ఒక ప్లాస్టిక్ షీటు వేయాలి, లేకపోతే ఐదు నిమిషాల్లో బట్టలు తడుస్తాయి. జేబుల్లో ఫోన్లు, తాళాలు, మణికట్టుకి హెయిర్ బ్యాండ్లు: ఈ మూడూ తీసేశాకే నిలబడండి.

ఫొటోలు మీరే తీసుకుంటుంటే, ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడే చోట ముఖాలు పెట్టకండి. పూర్తి నీడలోకి జరగండి, లేదా సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడండి. వెనక చెట్లకీ మీకూ కనీసం 4, 5 మీటర్ల ఎడం ఉంటేనే ఆకులు మెత్తగా మసకబారతాయి. లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ అంకెను అందరూ ఒకే వరసలో ఉంటే ఎఫ్ 4, రెండు వరసలైతే ఎఫ్ 5.6 పెట్టండి. పిల్లలు పరుగెత్తేటప్పుడు షట్టర్ స్పీడు (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) సెకనులో 1/500 వంతు కన్నా నెమ్మదిగా ఉండకూడదు. వెలుతురు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే కెమెరా సాయంత్రపు బంగారు రంగును కొంత చల్లార్చేస్తుంది, ‘క్లౌడీ’ (మబ్బు) సెట్టింగుకి మార్చండి.

మొదటి 15 నిమిషాల్లోనే అందరూ ఉన్న ఫొటో తీసేయండి, పసిపిల్లల ఓపిక అంతకు మించి నమ్మకం లేదు. తర్వాత అమ్మానాన్నలతో పిల్లలు, తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలతో మనవలు, చివర్లో ఒక్కొక్కరూ. ఆకుల కుప్పలో దూకడం, ఆకులు పైకి విసరడం అన్నిటికన్నా ఆఖరున పెట్టుకోండి. ఉన్ని బట్టలకీ జుట్టుకీ అంటుకున్న ఆకు ముక్కలు ఏరేసరికి పది నిమిషాలు పడుతుంది, అప్పటికి వెలుతురు ఉండదు. దూకే ముందు కుప్పలో పుల్లలు, రాళ్లు లేకుండా ఒకసారి చేత్తో కెలికి చూడండి. విసిరేటప్పుడు పొడి ఆకులు తీసుకుని నెత్తి మీదికి ఎగరేయమనండి, ఎదుటివాళ్ల ముఖాల మీదికి కాదు.