డాబా మీద కంపోస్టు డ్రమ్ము మొరాయిస్తే

వైజాగ్‌లో కంపోస్టు చెడిపోవడానికి సగం కారణం గాలిలో చెమ్మ, మిగతా సగం ఎండుటాకుల దగ్గర మన పిసినారితనం. "రోజూ కాస్త నీళ్లు చిలకరించండి" అనే సలహా పొడి వాతావరణం ఉన్న ఊళ్లకు సరిపోతుంది. ఇక్కడ కూరగాయ తొక్కల్లో ఉన్న నీరే ఎక్కువ. అందుకని డ్రమ్ములో ఏ తేడా వచ్చినా ముందు తడి ఎంతుందో చూడండి. అడుగు నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కట్టిందంటే తడి ఎక్కువైనట్టు, పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువైనట్టు.

కుళ్లిన గుడ్డు కంపు, అడుగున నల్లటి ఊట

అందరికీ వచ్చే తంటా ఇదే, ముఖ్యంగా జూన్ నుంచి తుఫాన్ల కాలం దాటేదాకా. లోపల నీరు నిండి గాలి ఆడకపోతే, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెత్తనం చేస్తాయి. ఆ కంపు వాటిదే. ఫినాయిలో బ్లీచింగో చల్లకండి, పనిచేసే జీవులు కూడా చస్తాయి.

డ్రమ్ములో ఉన్నదంతా పాత ఫ్లెక్సీ మీద బోర్లించి, ఎండ ఉంటే ఒక పూట ఆరనివ్వండి. అడుగున, పక్కల చిల్లులు మూసుకుపోయి ఉంటే పుల్లతో పొడిచి తెరవండి. మళ్లీ నింపేటప్పుడు అడుగున బెత్తెడు మందాన కొబ్బరి పీచు పరిచి, ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండుటాకులు వేయండి. ఈ కొలత తూకంలో కాదు, బుట్టల లెక్కన. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో అడుగుదాకా కదపండి.

ఆకుల్లోనూ తేడా ఉంది. మన వీధుల్లో పుష్కలంగా రాలే బాదం ఆకులు వెడల్పుగా ఉండి, తడిస్తే ఒకదానికొకటి అతుక్కుని గాలికి అడ్డం పడతాయి. చేత్తో నలిపి వెయ్యాలి. చలికాలం చివర రాలినప్పుడే ఏరి మూట కట్టుకుంటే వానాకాలానికి పనికొస్తాయి. ఆకులు దొరక్కపోతే గుడ్ల అట్టలు చింపి వేయండి. చెరకు రసం బండి దగ్గర పిప్పి అడిగినా ఇస్తారు (అనకాపల్లి పక్కనున్న ఊళ్లో పిప్పికి కరువేంటి!). దాన్ని ఎండబెట్టాకే వాడండి, లేకపోతే చీమలు బారులు తీరతాయి.

ముక్కు మండే ఘాటు

ఇది వేరే రోగం. చేప పొలుసులు, రొయ్యల తలలు పడ్డ డ్రమ్ములో నత్రజని ఎక్కువై అమ్మోనియాగా పోతుంది. మొక్కలకు అందాల్సిన బలమే అలా గాలిలో కలుస్తోందన్నమాట. సున్నం చల్లితే ఇంకా ఎక్కువ పోతుంది. సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు కలపండి, ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది. రొయ్యల పొట్టు మంచి ఎరువే గానీ, కొద్దికొద్దిగా, డ్రమ్ము నడిమధ్యలో పాతిపెట్టాలి. పైపైన వేస్తే పిల్లులు మూత తీసేస్తాయి.

పురుగులు

చూసి కంగారు పడకముందు అవేవో తేల్చుకోండి. చదునుగా, గణుపులు గణుపులుగా, గోధుమ రంగుకు తిరిగేవి బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు. చెత్తను మనకంటే వేగంగా తేల్చేస్తాయి, ఉండనివ్వండి. తెల్లగా, నున్నగా, ఒక కొస సన్నగా ఉంటే ఇంటి ఈగవి. తడి చెత్త పైకి కనబడుతోందని అర్థం. వేసిన ప్రతిసారీ రెండంగుళాల ఎండుటాకులు కప్పి, చిల్లులకు దోమతెర కట్టండి.

డ్రమ్ము వేడెక్కడం లేదు

పెద్ద కుప్పలు 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. అందుకు దాదాపు ఘనమీటరు చెత్త కావాలి. బకెట్టంత డ్రమ్ము వేడెక్కకపోవడం జబ్బు కాదు, కాస్త ఆలస్యమవుతుందంతే. నెలలు గడిచినా ముక్కలు ముక్కలుగానే ఉంటే వేసిన సరుకు చూసుకోండి. బీచ్ రోడ్డులో తాగి తెచ్చిన కొబ్బరి బొండాం అలాగే పడేస్తే ఏడాదైనా చివకదు, పైగా నీళ్లు నిలిచి దోమలకు ఇల్లవుతుంది. చీల్చి పీచు తీసి వాడండి, చిప్ప పక్కన పెట్టండి. పొడిబారి ఆగిపోయిన డ్రమ్ముకైతే పుల్లమజ్జిగలో కాస్త నీళ్లు కలిపి చల్లితే చాలు, చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులంటూ అమ్మే కల్చర్ పొడులు కొనక్కర్లేదు.

ఎరువు వేశాక మొక్కలు పసుపెక్కాయి

పూర్తిగా మగ్గకముందే వేశారు. సగం కుళ్లిన చెత్త మట్టిలోని నత్రజనిని లాక్కుంటుంది. లేదా ఉప్పు కావచ్చు: ఆవకాయ జాడీ అడుగు, ఉప్పుచేప, కడగని కొబ్బరి పొట్టు, వీటన్నిటిలో ఉంటుంది. కొబ్బరి పొట్టును రెండు మూడు నీళ్లతో కడిగాకే కలపండి.

మగ్గిందో లేదో తేలాలంటే గుప్పెడు తడి ఎరువు సీసాలో వేసి మూత బిగించి వారం ఉంచండి. తీయగానే తొలకరి మట్టి వాసన వస్తే జల్లించి కుండీలకు వేయొచ్చు. కంపు కొడితే ఇంకో నెల ఆగండి. జల్లెడలో మిగిలిన ముక్కలు పారేయకుండా డ్రమ్ములోకే వేయండి, కొత్త చెత్తకు అవే తోడు.