సంతకం మీదే కావాలి: వార్డు నుంచి శాసనసభ దాకా మహిళలకు ఒక దారి

తెలుగు రాష్ట్రాల స్థానిక సంస్థల్లో సగం పదవులు మహిళలకు కేటాయించినవే. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ కనీసం మూడో వంతు ఇవ్వాలని చెబితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో దాన్ని 50 శాతానికి పెంచింది. తెలంగాణ 2018లో తెచ్చుకున్న పంచాయతీరాజ్ చట్టం కూడా ఆ సగాన్ని నిలబెట్టింది. అందువల్ల ఊళ్లో ఒక మహిళ సర్పంచి కావడం ఇప్పుడు వింత కాదు. ఆ పదవిని తన చేతుల మీదుగా నడపడం, రిజర్వేషన్ మారిపోయాక కూడా రాజకీయాల్లో నిలవడం, అక్కడి నుంచి మండలానికి, జిల్లాకు, శాసనసభకు వెళ్లడం మాత్రం ఇప్పటికీ కష్టమే. ఆ పని ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ రాస్తున్నాను.

ఎన్నికల ప్రకటన వచ్చేదాకా ఆగవద్దు. మహిళా సంఘంలో లెక్కల పుస్తకం రాసిన అనుభవం, గ్రామ సమాఖ్య సమావేశంలో నలుగురి ముందు నోరు విప్పిన అనుభవం, అప్పు కోసం బ్యాంకు మేనేజరుతో మాట్లాడిన అనుభవం ఇవన్నీ రాజకీయ శిక్షణే. దానికి తోడు సాధారణ ఓటరుగా గ్రామసభకు వెళ్లి, ఒక్క ప్రశ్న అడగండి. మంచినీటి ట్యాంకును చివరిసారి ఎప్పుడు కడిగారన్న ప్రశ్న చాలు. దానికి సమాధానం దొరికిందో లేదో ఊరంతా గమనిస్తుంది, అడిగినది ఎవరో కూడా గుర్తు పెట్టుకుంటుంది.

పోటీ చేయడానికి 21 ఏళ్లు నిండాలి, ఆ పంచాయతీ ఓటరు జాబితాలో పేరు ఉండాలి. మహిళలు ఎక్కువగా ఇబ్బంది పడేది పేరు దగ్గరే. కుల ధ్రువీకరణ పత్రంలో పుట్టింటి పేరు, తండ్రి పేరు ఉంటాయి. ఓటరు జాబితాలో అత్తింటి పేరు, భర్త పేరు ఉంటాయి. ఆధార్‌లో మరోలా ఉంటుంది. నామినేషన్ల పరిశీలన రోజున ప్రత్యర్థి తరఫువారు ఈ తేడానే పట్టుకుని అభ్యంతరం చెబుతారు. ఆరు నెలల ముందే మూడు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూసి, తేడా ఉంటే సరిచేయించుకోండి. పంచాయతీకి కట్టాల్సిన ఇంటి పన్ను బకాయి లేకుండా చూసుకుని రసీదు దగ్గర ఉంచుకోండి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులనే నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది కాబట్టి, పాత మాటలు విని అక్కడ ఎవరూ వెనక్కి తగ్గనవసరం లేదు.

ఏ పదవికి పోటీ చేయాలన్నది తర్వాతి ప్రశ్న. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యులు), జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యులు) ఎన్నికలు పార్టీ గుర్తులతో జరుగుతాయి. ఎంపీటీసీ అయితే పార్టీలో పెద్దల కంట్లో త్వరగా పడతారు గానీ, చేతిలో నిధులు తక్కువ. సర్పంచి పదవిలో పని కనబడుతుంది, బాధ్యత మీద పడుతుంది, తప్పు చేస్తే అదీ కనబడుతుంది. రెండింటిలో ఎంచుకునే వీలుంటే సర్పంచి పదవికే పోటీ చేయమంటాను. వార్డు సభ్యత్వాన్ని చిన్నచూపు చూడవద్దు. ఉపసర్పంచిని ఎన్నుకునేది వార్డు సభ్యులే, తెలంగాణ చట్టం చెక్ పవర్‌ను, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచికీ ఉపసర్పంచికీ కలిపి ఇచ్చింది.

ఖర్చు విషయంలో తెలంగాణలో 5000 దాటిన జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచి అభ్యర్థి 2.5 లక్షల రూపాయలు, అంతకు తక్కువైతే 1.5 లక్షల రూపాయలు మించకూడదు. ఖర్చు లెక్కను ఫలితం వచ్చిన 45 రోజుల్లో అందజేయాలి. గెలిచినవారు ఆ పని ఎలాగో చేస్తారు. ఓడినవారే, ఇక దీనితో పనేముందని వదిలేసి, అనర్హత తెచ్చుకుని, తర్వాతి ఎన్నికకు దూరమవుతారు. టీ ఖర్చుతో సహా రోజూ ఒక పుస్తకంలో మీ చేత్తో రాసుకోండి.

ఇక గెలిచాక జరిగే సంగతి. చాలా ఊళ్లలో ప్రమాణ స్వీకారం మరునాటి నుంచే సర్పంచి భర్తను ‘సర్పంచి గారూ’ అని పిలవడం మొదలవుతుంది. ఇది ఎక్కడ మొదలవుతుందో దగ్గరగా చూడండి. ఉదయం వంట పనిలో ఉండగా పంచాయతీ కార్యదర్శి ఇంటికి వస్తాడు. ముందు గదిలో భర్తతో మాట్లాడి, నాలుగు వోచర్లు, ఒక తీర్మానాల పుస్తకం లోపలికి పంపుతాడు. ‘ఇక్కడా, ఇక్కడా పెట్టు’ అని భర్త వేలితో చూపిస్తాడు. పిండి అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆమె సంతకం పెడుతుంది. రెండేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం వచ్చినప్పుడు నోటీసు మీద ఉండేది ఆమె పేరే, సొమ్ము తిరిగి కట్టాల్సి వచ్చేదీ ఆమే. మొదటి వారంలోనే ఒక నియమం పెట్టుకోండి: పంచాయతీ కార్యాలయంలో, మీ కుర్చీలో కూర్చుని తప్ప ఎక్కడా సంతకం పెట్టనని కార్యదర్శికి మర్యాదగా, అందరి ముందూ చెప్పండి. చెల్లింపులు ఆన్‌లైన్లో జరిగే చోట డిజిటల్ సంతకం కీ కూడా సంతకమే. దాన్ని, దాని పాస్‌వర్డ్‌ను ఎవరి జేబులోనూ ఉండనీయవద్దు.

ఇంట్లో ఈ మాట చెప్పడం ఊళ్లో చెప్పడం కంటే కష్టమని నాకు తెలుసు. గొడవగా కాకుండా, ‘ఆడిట్‌లో నా పేరే వస్తుంది, అందుకే చదివి పెడతాను’ అని చెబితే కాదనడానికి ఎవరికీ కారణం దొరకదు. భర్త సాయం తీసుకోవడంలో తప్పు లేదు. ప్రచారంలో తిరగడానికి, రాత్రి పూట పైపు పగిలితే వెళ్లి చూడటానికి ఆ సాయం ఎంతో పనికొస్తుంది. మండల సమీక్షా సమావేశంలో మీ బదులు ఆయన కూర్చోకూడదు, అంతే.

చదవడం ఎలాగో ఒక ఉదాహరణ చెబుతాను. ఇరవై వీధి దీపాలు మార్చినట్లు బిల్లు వచ్చిందనుకోండి. సాయంత్రం ఏడింటికి ఆ వీధుల్లో నడిచి, వెలుగుతున్న కొత్త దీపాలు లెక్కపెట్టండి. పద్నాలుగే ఉంటే పద్నాలుగింటికే బిల్లు రాయించండి. సిమెంటు రోడ్డు పనైతే, ఇంజనీరు రాసిన కొలతల పుస్తకం తెప్పించుకుని, పొడవు, వెడల్పు, మందం అనే మూడు అంకెలు చూసి, టేపు పట్టుకుని వెళ్లండి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. సర్పంచి టేపు పట్టుకుని వచ్చిందన్న మాట ఒక్కసారి పాకితే, తర్వాతి కాంట్రాక్టరు ముందే జాగ్రత్త పడతాడు.

నిధుల స్వభావం కూడా తెలిసి ఉండాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని కట్టుబాటు పెట్టింది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోనిచ్చింది, జీతాలకు మాత్రం వాడనివ్వలేదు. ఏ నిధికి ఏ షరతు ఉందో తెలిస్తే, ‘మేడమ్, రూల్సు ఒప్పుకోవు’ అనే మాటకు వెంటనే జవాబు చెప్పగలుగుతారు. తెలంగాణలో గ్రామసభను రెండు నెలలకోసారి జరపాలి. జరపకపోతే సర్పంచి పదవికే ముప్పు. దాన్ని సంతకాల తంతుగా ముగించకుండా, మహిళలు రాగలిగే వేళలో పెట్టి, మైకు మీరే పట్టుకోండి. మొదటిసారి గొంతు వణుకుతుంది, మూడోసారికి కుదురుకుంటుంది.

రిజర్వేషన్లు రొటేషన్ పద్ధతిలో మారతాయి కాబట్టి, వచ్చేసారి మీ సీటు జనరల్ అయితే ఏం చేయాలో పదవిలో ఉండగానే ఆలోచించాలి. జనరల్ స్థానం అంటే పురుషుల స్థానం కాదు, అక్కడ మహిళ నిరభ్యంతరంగా పోటీ చేయవచ్చు. పక్క ఊళ్ల సర్పంచులతో, ఎంపీడీఓ (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) కార్యాలయంతో పరిచయం పెంచుకుని ఎంపీటీసీకో జడ్పీటీసీకో పార్టీలో దరఖాస్తు పెట్టుకోండి. ఎంపీపీని (మండల పరిషత్ అధ్యక్షులను), జిల్లా పరిషత్ చైర్‌పర్సన్‌ను సభ్యులే ఎన్నుకుంటారు గనుక ఆ సమయంలో, సభ్యులు చేజారకుండా ఓటింగు దాకా ఒకచోట ఉంచే క్యాంపులు నడుస్తాయి. క్యాంపుకు వెళ్లాల్సి వస్తే, మరో ఇద్దరు మహిళా సభ్యులతో కలిసి తప్ప ఒంటరిగా వెళ్లవద్దు. ఎక్కడ ఉంచుతారో, ఎప్పుడు పంపుతారో ముందే అడగండి, ఫోను మీ దగ్గరే ఉంచుకోండి.

ఈ మెట్లు ఎక్కినవారు ఉన్నారు. జె. ఈశ్వరీబాయి మున్సిపల్ కౌన్సిలరుగా మొదలై, 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. పద్మా దేవేందర్ రెడ్డి జడ్పీటీసీ సభ్యురాలిగా మొదలై, 2014లో తెలంగాణ శాసనసభ ఉపసభాపతి అయ్యారు.

శాసనసభకు పోటీ చేయడానికి 25 ఏళ్లు నిండాలి, 10,000 రూపాయల డిపాజిట్ కట్టాలి, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి అందులో సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్ర అభ్యర్థికి పది మంది కావాలి. పార్టీ గుర్తు దక్కాలంటే, మీరే తమ అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే బీ-ఫారం చేతికి రావాలి, అసలు పోరాటం అక్కడే. చట్టసభల్లో మూడో వంతు స్థానాలు ఇచ్చే 106వ రాజ్యాంగ సవరణ 2023లో ఆమోదం పొందినా, దాని అమలును జనగణనకు, ఆ తర్వాతి నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. దాని కోసం ఆగి కూర్చోవద్దు. టికెట్ అడగడానికి వెళ్లేటప్పుడు శాలువా కంటే, మండలాల వారీగా మీతో పనిచేసిన వారి పేర్లు, బూత్ ఏజెంట్లుగా కూర్చోగల మహిళల జాబితా తీసుకెళ్లండి.

ఓటమికి కూడా సిద్ధపడాలి. సీతక్క 2004లో ములుగులో ఓడి, 2009లో గెలిచి, 2014లో మళ్లీ ఓడి, 2018లో, 2023లో గెలిచి, తెలంగాణ పంచాయతీరాజ్ మంత్రి అయ్యారు. వంగలపూడి అనిత 2019లో ఓడి, 2024లో గెలిచి, ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి అయ్యారు. శాసనసభ ఎన్నికలో ఓడితే 30 రోజుల్లో ఖర్చు లెక్క ఇవ్వండి. ఆ తర్వాత బూత్ వారీ ఓట్లు చూపే ఫారం 20 తెచ్చుకుని, మీ ఊరి బూత్ నుంచి మొదలుపెట్టి, ఓట్లు తగ్గిన ప్రతి బూత్ పక్కన ఎర్ర గీత గీసి, ఆ ఊళ్లకు ఏ వరుసలో వెళ్లాలో రాసుకోండి.