రష్యన్ సంగీతం నలుగురితో కలిసి వినాలంటే: నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో ఒక సాయంత్రం నడిపే పద్ధతి

నల్లగొండ జిల్లాలో రష్యన్ కథలూ నవలలూ తెలుగులో చదువుకుంటూ పెరిగినవాళ్ళు చాలామంది. విశాలాంధ్ర దుకాణాల్లో కొన్న ఆ పుస్తకాలు కొన్ని ఇళ్ళ అల్మారాల్లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ దేశపు సంగీతం మాత్రం మన చెవిన పెద్దగా పడలేదు. పడ్డా, ఫోను స్పీకర్లో రెండు నిమిషాలు విని "ఇది మనకు ఎక్కదు" అని ఆపేసినవాళ్ళే ఎక్కువ. ఎక్కకపోవడానికి చాలావరకు కారణం సంగీతం కాదు. గది మోగుతుంది, స్పీకరు డబ్బాలు బేస్ మాత్రమే కొడతాయి, మొదట్లోనే ఆర్కెస్ట్రా వాయించే ముప్పావుగంట సింఫనీ పెడతారు. గది, సౌండు, వరుస ఈ మూడూ సరిచేసుకుంటే పాటలు తప్ప మరేదీ విననివాళ్ళు కూడా గంటన్నర కదలకుండా కూర్చుంటారు.

గది సంగతి ముందు. పాతిక మందికి 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గది చాలు. బడి తరగతి గదైనా, గ్రంథాలయమైనా, సంఘం ఆఫీసైనా పర్వాలేదు. ఫంక్షన్ హాలు వద్దు. అంత ఖాళీలో చిన్న స్పీకర్లు చాలవు, పెద్ద డబ్బాలు పెడితే మాట కూడా అర్థం కాదు. గది మధ్యన నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టి చూడండి. చప్పుడు అక్కడికక్కడే ఆగితే గది మంచిది. "టర్‌ర్" మంటూ గోడల మధ్య కొట్టుకుంటూ పోతే ఆ గదిలో పియానో వినలేరు. వేగంగా వాయించే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోతాయి. పైన స్లాబు, కింద షాబాదు బండలు, చుట్టూ నున్నటి గోడలు ఉన్న మన గదులన్నీ ఇంతే.

దీనికి మందు మన దగ్గరే ఉంది. కింద నిండుగా జంపఖానాలు పరవండి. స్పీకర్లకు ఎదురుగా ఉన్న గోడకు రెండు, పక్క గోడలకు ఒక్కొక్కటి చొప్పున నాలుగు గొంగళ్ళు వేలాడదీయండి. పాలమూరు వైపు గొర్రెబొచ్చుతో నేసే మందపాటి గొంగడి ఈ పనికి చాలా బాగుంటుంది. గోడకు ఆనించి మేకులు కొట్టకండి. తాడు కట్టి, గోడకూ గొంగడికీ మధ్య మూడు నాలుగు అంగుళాల సందు ఉండేట్టు వేయండి. ఆ సందు వల్ల ఇంకొంచెం లావు స్వరాలను కూడా అది పీల్చుకుంటుంది. అయితే బాగా లోతైన బేస్‌ను గొంగడి ఆపలేదు. అది తగ్గాలంటే స్పీకర్లను మూలల నుంచి బయటికి జరపడమొక్కటే దారి. గోడకు కనీసం రెండడుగుల దూరం ఉంచండి.

ఫ్యాను ఇంకో శత్రువు. సీలింగు ఫ్యాను ఐదు మీద తిరుగుతుంటే చెల్లో (వయొలిన్‌కు పెద్దన్న లాంటి లావు గొంతు వాయిద్యం) మెల్లగా వాయించే చోట ఫ్యానే వినబడుతుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకుంటే మేలు, రెగ్యులేటరు రెండు మీద ఉంచినా ఎవరికీ ఉక్కపోయదు. ఎండాకాలంలో డాబా మీద పెట్టాలని అనిపిస్తుంది. కానీ గోడలు లేనిచోట బేస్ పలచబడుతుంది, గాలి, కుక్కలు, లారీలు అన్నీ లోపలికొస్తాయి. వినాయక చవితి రోజుల జోలికి పోకండి. గుడి మైకు, మసీదు అజాన్ వేళలు ముందే కనుక్కుని, ఆ పది నిమిషాలకు చాయ్ పెట్టుకోండి.

ఇక సామాను. పెండ్లిళ్ళకు తెచ్చే డీజే డబ్బాలు ఈ పనికి రావు. అవి డప్పు దరువు దూరం పోవడానికి చేసినవి, వయొలిన్ వాటిలో గీసుకుపోతుంది. ఐదు నుంచి ఆరున్నర అంగుళాల వూఫర్ (బేస్ పలికే పెద్ద గుండ్రం) ఉన్న, లోపలే యాంప్లిఫయర్ ఉన్న స్పీకర్లు రెండు అరువు తెచ్చుకోండి. రెండింటి మధ్య ఎంత దూరమో, మధ్య వరసలో కూర్చునే మనిషికీ వాటికీ అంతే దూరం ఉండాలి. ఎనిమిదడుగులు మంచి కొలత. రెంటినీ కొద్దిగా లోపలికి తిప్పండి. జనం జంపఖానా మీద కూర్చుంటే స్పీకరు పైభాగంలోని చిన్న గుండ్రం నేల నుంచి రెండున్నర, మూడడుగుల ఎత్తులో, కుర్చీల్లో కూర్చుంటే మూడున్నర, నాలుగడుగుల ఎత్తులో రావాలి. అది చెవికి సూటిగా లేకపోతే వయొలిన్, తాళాల మెరుపు పోతుంది. బడి బెంచీ మీద పెడితే బెంచీ కూడా మోగుతుంది. కింద పాత సైకిలు ట్యూబు మడతపెట్టి వేయండి.

బ్లూటూత్ కంటే వైరు నమ్మకం. లాప్‌టాప్ చార్జరు పెట్టగానే స్పీకర్లలో "జుంయ్" అని మోత వస్తే అది ఎర్తింగు గొడవ. చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి, లేదా అన్నీ ఒకే మూడు పిన్నుల బోర్డుకు పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఆదుకునే ఇన్వర్టరు సైన్ వేవ్ రకమైతేనే మోత లేకుండా వస్తుంది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఒక్కోసారి సంగీతం కంటే దాని గొణుగుడే పెద్దగా ఉంటుంది. ఫోనుతో వినిపిస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రికార్డింగులు ముందే సీడీ నుంచో, డబ్బు కట్టే యాప్‌లో డౌన్‌లోడ్ చేసో పెట్టుకోండి. సన్నగా సాగే చోట ప్రకటన ఊడిపడితే ఆ సాయంత్రం మళ్ళీ నిలబడదు. యాప్‌లో ఒక పాట మీదికి ఇంకో పాటను కలిపే క్రాస్‌ఫేడ్ ఉంటుంది, దాన్ని సున్నా చేయండి. బేస్ బూస్టు, ఈక్వలైజరు కూడా ఆపేయండి. భాగాలు ఆగకుండా అతుక్కుని సాగే కృతులున్నాయి, వాటిని క్రాస్‌ఫేడ్ పాడుచేస్తుంది.

సౌండు ఎంత పెట్టాలన్నది జనం రాకముందే తేల్చుకోవాలి. ఆ రోజు వినిపించేవాటిలో అన్నిటికంటే గట్టిగా ఉన్న చోటు పెట్టి, చెవి నొప్పి పెట్టనంత వరకు పెంచండి. తర్వాత అన్నిటికంటే మెల్లగా ఉన్న చోటు పెట్టి, ఫ్యాను తిరుగుతుండగా చివరి వరసలో కూర్చోండి. వినబడితే ఆ బిరడా దగ్గర సుద్దతో గీత పెట్టుకోండి. వినబడకపోతే సౌండు పెంచకండి, ఫ్యాను తగ్గించండి, చివరి వరసను ముందుకు జరపండి.

వరుస అసలు పని. మొదటి సాయంత్రానికి ఈ వరుస బాగా నడుస్తుంది.

స్వరకర్త రఖ్‌మానినోవ్ రాసిన "వోకలైజ్"తో మొదలుపెట్టండి, ఆరు నిమిషాలు. మాటలే లేని పాట అది, ఒక్క అచ్చు మీదే గొంతు సాగుతుంది. భాష రాదన్న బెంగ అక్కడికక్కడే తీరుతుంది. వెంటనే ఎమిల్ గిలెల్స్ పియానో మీద బాఖ్–సిలోటి (బాఖ్ రాస్తే సిలోటి పియానోకు మలిచిన) బి మైనర్ ప్రెలూడ్ అనే చిన్న ముక్క, మూడున్నర నిమిషాలు. పియానో ఒక్కటే ఇంత నిదానంగా, ఇంత నిండుగా మోగుతుందని గది మొత్తానికి తెలిసిపోతుంది.

మూడోది స్వరకర్త షోస్తకోవిచ్ రాసిన మొదటి చెల్లో కన్సెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క చెల్లో ముందుండి వాయించేది), మొదటి భాగం మాత్రమే, ఆరు నిమిషాలు. చెల్లో వాయించేది రోస్త్రొపోవిచ్. 1959లో ఆయన కోసమే రాసిన కృతి ఇది. చేతికొచ్చిన నాలుగు రోజుల్లో ఆయన మొత్తం కంఠతా పట్టాడు. చెల్లో మొదటే ఎత్తుకునే నాలుగు స్వరాల ముక్కను గుర్తుపెట్టుకోమని చెప్పండి. దాని అవసరం కాసేపట్లో వస్తుంది.

నాలుగోది అదే షోస్తకోవిచ్ ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించేది), బొరోదిన్ క్వార్టెట్ అనే బృందం వాయించింది. ఇరవై నిమిషాలు, ఐదు భాగాలు, మధ్యలో ఆపడం లేదు. 1960 జులైలో జర్మనీలోని డ్రెస్డెన్ దగ్గరి గోరిష్ అనే చిన్న ఊళ్ళో మూడు రోజుల్లో రాశాడు. దీని దగ్గర తీరిగ్గా ఆగండి. వాయించే ముందు భజన మండలి హార్మోనియం తెచ్చి పక్కన పెట్టుకోండి. షడ్జం ఒకటి శృతికి పెట్టి నాలుగు స్వరాలు నొక్కండి: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, షడ్జం, కింది స్థాయి కాకలి నిషాదం. అంటే తెల్లది, నల్లది, తెల్లది, ఆ కింది తెల్లది. రి, గ, స, ని. జర్మన్ పద్ధతిలో ఈ స్వరాల పేర్లు డి, ఎస్, సి, హెచ్. జర్మన్‌లో రాస్తే తన పేరు (D. Schostakowitsch) మొదట్లో వచ్చే డి, ఎస్, సి, హెచ్ అక్షరాలను షోస్తకోవిచ్ ఇలా సంగీతంలో సంతకంగా పెట్టుకున్నాడు. నాలుగైదు సార్లు నెమ్మదిగా నొక్కి, అందరితోనూ గొంతు కలిపించండి. తర్వాత రికార్డింగు పెడితే మొట్టమొదట చెల్లో ఒంటరిగా ఆ నాలుగే పలుకుతుంది. మిగతా వాయిద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. రెండో భాగంలో అవే స్వరాలు పరుగులు తీస్తూ విరుచుకుపడతాయి. మూడో భాగం వాల్ట్జ్ నడక, అంటే మూడు దెబ్బల నాట్యపు లయ. అందులో ఇందాకటి చెల్లో కన్సెర్టో ముక్క మళ్ళీ తొంగిచూస్తుంది. అందుకే దాన్ని ముందు వినిపించాం. గుర్తుపట్టినవాళ్ళు చెయ్యెత్తమనండి, ఒకరిద్దరు తప్పకుండా ఎత్తుతారు. నాలుగో భాగం మొదట్లో గట్టిగా మూడు దెబ్బలు వస్తాయి. సౌండు గీత దాటి ఉంటే అక్కడ పిల్లలు అదిరిపడతారు.

ఇక్కడ పదిహేను నిమిషాలు చాయ్. ఈ విరామం లేకుండా జాజ్‌లోకి (అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే సంగీతంలోకి) దూకితే క్వార్టెట్ మిగిల్చిన బరువు కిందే తర్వాతిదంతా నలిగిపోతుంది.

రెండో సగానికి వారధి పియానో వాద్యకారుడూ స్వరకర్తా అయిన నికొలాయ్ కపూస్తిన్. ఆయన 1984లో రాసిన ఎనిమిది కన్సర్ట్ ఎట్యూడుల (చేతివాటం చూపే చిన్న పియానో ముక్కల) నుంచి ఒకటి, మూడు, ఎనిమిది తీసుకోండి, మూడూ కలిపి ఎనిమిది నిమిషాల లోపే. వాయించింది కూడా ఆయనే అయిన రికార్డింగు దొరుకుతుంది. విన్నవాళ్ళందరూ అప్పటికప్పుడు పుట్టిన జాజ్ అనుకుంటారు. కానీ ప్రతి స్వరమూ ముందే కాగితం మీద రాసి ఉంది. ఈ సంగతి వాయించిన తర్వాత చెప్పండి, ముందు చెబితే వినడంలోని ఆశ్చర్యం పోతుంది. మాస్కోలో మొదటి జాజ్ కచేరీ 1922 అక్టోబరు 1న, కవీ నర్తకుడూ అయిన వాలెంతిన్ పర్నాఖ్ బృందంతో జరిగింది. కపూస్తిన్ ఏళ్ళ తరబడి పియానో వాయించిన ఒలేగ్ లుండ్‌స్ట్రెమ్ ఆర్కెస్ట్రా 1934లో చైనాలోని హార్బిన్‌లో పుట్టింది. ఈ రెండు ముక్కలు చాలు, చరిత్ర ఇంకా లాగకండి.

ఆ వెంటనే మాస్కో ఆర్ట్ ట్రియో, పది నిమిషాలు. పల్లె పాటల మధ్య పెరిగిన మనవాళ్ళకు సూటిగా తగిలేది ఇదే. అందులోని సెర్గేయ్ స్తారోస్తిన్ కన్సర్వేటరీలో (సంగీత కళాశాలలో) క్లారినెట్ నేర్చి, తర్వాత పల్లెలు తిరిగి పాటలు సేకరించినవాడు. ఆయన పల్లె గొంతుతో ఎత్తుకుంటే మిఖాయిల్ అల్పెరిన్ పియానో, అర్కాదీ షిల్క్లోపర్ ఫ్రెంచ్ హార్న్ దాని చుట్టూ తిరుగుతాయి. వినికిడి ముగిశాక నాట్లపాటో, బతుకమ్మ పాటో ఎవరైనా ఎత్తుకుంటే ఆపకండి.

చివరికి గనేలిన్ ట్రియో. వ్యాచెస్లావ్ గనేలిన్, వ్లదీమిర్ తరాసోవ్, వ్లదీమిర్ చెకాసిన్, లిథువేనియాలోని విల్నియస్ నుంచి 1970లు, 80లలో నడిపిన బృందం. వాళ్ళ కృతులు ఎల్‌పీ (పెద్ద గ్రామఫోను రికార్డు) రెండు వైపులా ఒకే ప్రవాహంగా సాగుతాయి. మొదటిసారి పన్నెండు నిమిషాలు చాలు, ఆపేటప్పుడు పది సెకన్ల పాటు చేత్తో మెల్లగా తగ్గించండి. ఇందులో బేసిస్టు లేడు. గనేలిన్ పియానోతో పాటు బాసెట్ అనే చిన్న కీబోర్డు మీద బేస్ కూడా తనే వాయిస్తాడు. ఫోను స్పీకర్లో ఆ బేస్ అసలే రాదు, సంగీతం నేల లేని ఇల్లులా తేలిపోతుంది. "ఏదో గోల" అన్న మాట అక్కడే పుడుతుంది. కాబట్టి సౌండు చూసుకునేటప్పుడు ఆ బేస్ విడిగా వినబడుతోందో లేదో ప్రత్యేకంగా చూడండి. చెకాసిన్ ఒక్కోసారి రెండు శాక్సఫోన్లు ఒకేసారి నోట పెట్టుకుని వాయిస్తాడు. ఆ సంగతి ముందే చెబితే జనం దానికోసం చెవి ఒగ్గి వింటారు.

సెర్గేయ్ కుర్యోఖిన్ ఒంటరి పియానోనూ, రష్యాలోని తువా ప్రాంతం నుంచి వచ్చిన గాయని సాయిన్‌ఖో నమ్చిలక్ గొంతునూ మొదటి రోజే పెట్టకండి. నమ్చిలక్ గొంతు పక్షిలా, యంత్రంలా, బొంగురుగా మారుతూ పోతుంది, సిద్ధంగా లేనివాళ్ళు నవ్వి వదిలేస్తారు. రెండో సభకు దాచుకోండి. పియానో వాద్యకారుడు రిఖ్తర్ 1958 ఫిబ్రవరిలో బల్గేరియాలోని సోఫియాలో వాయించిన, స్వరకర్త ముసోర్‌గ్‌స్కీ కృతి కూడా అప్పటికే. అరగంట పియానో అది. రికార్డింగులో జనం దగ్గు బాగా వినబడుతుంది, ముందే చెప్పకపోతే మన గదిలోనే ఎవరో దగ్గుతున్నారని వెనక్కి తిరిగి చూస్తారు.

పరిచయం చేసే మనిషి ఒక్కో కృతికి రెండు నిమిషాలు మించకూడదు: ఎవరు, ఏ వాయిద్యం, చెవి పెట్టాల్సిన ఒక్క చోటు. పేర్లు బోర్డు మీద తెలుగులో పెద్దగా రాయండి. అందరినీ "రష్యన్లు" అని ఒక్క గంపలో వేయకండి. గిలెల్స్ పుట్టిన ఒదెస్సా, రిఖ్తర్ పుట్టిన జితొమీర్ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్నాయి, రోస్త్రొపోవిచ్ పుట్టిన బాకూ అజర్‌బైజాన్‌లో ఉంది. పుట్టిన ఊరు, చదివిన ఊరు రెండూ చెప్పడం మర్యాద.

చివర్లో "ఎట్లుంది?" అని అడిగితే "బాగుంది" అని లేచిపోతారు. "శాక్సఫోన్ ఎక్కడ ఆగింది?", "హార్మోనియం మీద నొక్కిన నాలుగూ చివరిసారి ఎప్పుడు వినబడ్డాయి?" అని అడగండి. ఎవరికి వారు వేరే జవాబు చెబితే ఆ రెండు నిమిషాల ముక్క మళ్ళీ పెట్టి వినండి. ఏ కృతి దగ్గర జనం కదిలారో, ఏ నిమిషంలో చాయ్ గ్లాసులు చప్పుడు చేశాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, వచ్చే నెల వరుసలో ఏది ముందుకు జరపాలో, ఏది తీసేయాలో అదే చెబుతుంది.