ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు కడుపుతో ఉన్న మనిషికి తిండి ఎలా

నెలాఖరుకి బియ్యం నిండుకునే ఇళ్లలో ముందు తగ్గేది కోడలి కంచంలో అన్నమే. కావాలని ఎవరూ చేయరు, అందరికీ పెట్టి ఆమె కూర్చునేసరికి గిన్నె అడుగున ఇంత మాడు, పక్కన పచ్చడి మిగులుతాయి. ఆమె కడుపుతో ఉంటే ఆ కోత బిడ్డ దాకా పోతుంది. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి ఒంట్లో వేడి నిలవదు, మరీ చిన్నగా ఉంటే పాలు చప్పరించే శక్తి కూడా ఉండదు.

కాబట్టి మొదటి పని, ఆమెకి ముందు పెట్టండి. పైసా ఖర్చు లేదు, కానీ అత్తగారో భర్తో గట్టిగా చెప్తే తప్ప ఆమె కూర్చోదు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఆమెని భయపెట్టొద్దు.

నెల తప్పగానే అంగన్‌వాడీలో పేరు రాయించండి, ఐదో నెల దాకా ఆగొద్దు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికీ ఉచిత భోజనం హక్కు, మొహమాటపడాల్సిన పని లేదు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద అన్నం, పప్పు, గుడ్డు, 200 మి.లీ. పాలు అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి పెట్టేలా ఏర్పాటు చేశారు, ఎందుకంటే గుడ్డు ఇంటికొస్తే పెద్దపిల్లాడి నోట్లోకే పోతుంది (తల్లి మనసు, తప్పు పట్టలేం). ఆరేళ్లలోపు పిల్లలకి వాళ్ల వాటా వేరే ఉంటుంది, వాడి పేరూ రాయించండి. సరుకులు ఇంటికిచ్చే చోట గుడ్లు, పాలు ఆమెకని విడిగా పెట్టండి. ముఖ్యంగా, అంగన్‌వాడీలో తిన్నది కదా అని ఇంట్లో అన్నం తగ్గించకండి, అది అదనం. పనికోసం వేరే ఊరెళ్తే అక్కడి అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి నమోదు చేయించుకోండి. రేషన్ కూడా ఇప్పుడు ఏ ఊళ్లోనైనా తెచ్చుకోవచ్చు.

ఆకలి చంపుకోవడానికి టీ తాగే అలవాటు ఉంటే దయచేసి మానిపించండి, తిన్న తిండిలోని ఐరన్‌ని కూడా అది ఒంటికి పట్టనివ్వదు. దాని బదులు రాగిజావ, ఉడికించిన శనగలు, గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క. పెరట్లో మునగచెట్టు ఉంటే ఆకు పప్పులో వేయండి, పైన నిమ్మకాయ పిండండి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకోవద్దు. ఐరన్ మాత్రకి విరేచనం నల్లగా వస్తుంది, టెన్షన్ పడి ఆపేయకండి. బిడ్డ కదలిక తగ్గినా, నడిస్తే ఆయాసం వస్తున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించండి. బరువు తక్కువైతే డాక్టర్‌ని అడిగి, బిడ్డని తల్లి గుండెకి ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టి ఉంచండి. బాలింత పథ్యం పేరుతో కారప్పొడి అన్నంతో సరిపెట్టి, మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు కొందరు. పప్పు, ఆకుకూర, గుడ్డు, దాహమేసినన్ని నీళ్లు, అన్నీ ఇవ్వండి.