వేడింగ్ బూట్లు, ఫిషింగ్ బ్యాగు: ట్రౌట్ వేటకు వెళ్లేముందు తిరుపతిలోనే పరీక్షించుకోవడం ఎలా?

ఒడ్డున కూర్చుని గాలం వేసి ఎదురుచూసే వేటకు కాళ్లకు ఏమున్నా ఫర్వాలేదు. చల్లటి కొండ నదుల్లో ఉండే ట్రౌట్ చేపల్ని పట్టే ఫ్లై ఫిషింగ్‌లో అలా కుదరదు. ఈకలు, దారంతో చిన్న పురుగులా కట్టిన ఎరకు బరువంటూ ఉండదు. దాన్ని దూరానికి చేర్చేది లైను, అంటే గాలం దారం, బరువే. ఆ లైను ముందుకీ వెనక్కీ ఊగడానికి చోటు కావాలి. ఒడ్డున చెట్లు అడ్డం వస్తాయి కాబట్టి వాగులోకి దిగి నిలబడాలి. అలా నీళ్లలో నడవడానికి వేసుకునేవే వేడింగ్ బూట్లు. గంటల తరబడి కాళ్లు పారే నీళ్లలో, సామానంతా వీపు మీద, అడుగున పాచి పట్టిన రాళ్లు. నన్నడిగితే రాడ్ (గాలం కర్ర) కొనడం కంటే బూట్లు, బ్యాగు ఎంచుకోవడమే పెద్ద పని. రాడ్ బాగాలేకపోతే చేప పడదు, అంతే. బూటు బాగాలేకపోతే మనిషి పడతాడు.

తిరుపతి నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లాంటి నదికి వెళ్లాలంటే ఢిల్లీ దాకా రైలు, ఆపైన కొండదారిలో బస్సు. అంత దూరం పోయాక మడమ ఒరుసుకుంటోందనో, బ్యాగులో ఫోన్ తడిసిందనో తెలిస్తే చేసేదేమీ ఉండదు. అయితే మనవైపు వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. సరిగ్గా ఆ నెలల్లోనే, ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, మన కోనల్లో, వాగుల్లో నీళ్లు పారుతుంటాయి. డిసెంబరు చివర, జనవరిలో ఇక్కడ పరీక్షలన్నీ ముగించుకుంటే మార్చి తర్వాత నిశ్చింతగా బయల్దేరవచ్చు.

ముందు ఇంట్లో, పొడిగా

ఆన్‌లైన్‌లో కొన్న బూట్లు ఒకసారి తడిశాయంటే వెనక్కి తీసుకోవడం కష్టం. అందుకని మొదటి పరీక్ష ట్యాగు తీయకుండా, ఇంట్లో శుభ్రమైన చాప మీద చేయండి. సాయంత్రం పూట వేసుకుని చూడాలి, రోజంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. చల్లటి నీళ్లలో వేడర్స్, అంటే నీళ్లు లోపలికి రాని పొడవాటి ప్యాంటు లాంటివి, వేసుకుంటారు కాబట్టి వాటి నియోప్రీన్ (మందపాటి రబ్బరు నురుగు) సాక్స్ మీదే బూటు తొడగాలి. వట్టి కాలికి సరిపోయిన సైజు వాటిమీద బిగుస్తుంది, సాధారణంగా ఒక సైజు పెద్దది పడుతుంది. వేళ్లు లోపల ఆడాలి. మంచు కరిగి వచ్చే నీళ్లలో బూటు బిగుతుగా ఉంటే పాదానికి రక్తం సరిగ్గా అందక తొందరగా మొద్దుబారిపోతుంది.

అదే బూట్లతో ఇంట్లో మెట్లు దిగి చూడండి. బొటనవేలు ముందుకెళ్లి తగులుతుంటే ఆ సైజు వద్దు. సోలు, పైభాగం కలిసేచోట జిగురు గీత ఎక్కడైనా తెగిందా, లేసు కొక్కేలు గట్టిగా ఉన్నాయా, నీళ్లు బయటికి పోయే రంధ్రాలున్నాయా చూడండి. చివరగా లగేజీ తూచే చిన్న కాటాకు తగిలించి పొడి బరువు నోటుపుస్తకంలో రాసుకోండి. ఇది తర్వాత పనికొస్తుంది.

గమ్‌బూట్లతో సరిపెట్టుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట. వాటిలోకి నీళ్లొస్తే బయటికి పోయే దారి లేదు. పారే వాగులో అవి వద్దే వద్దు.

తర్వాత తొట్టిలో

బూట్లు నచ్చి ఉంచుకోవాలని తేల్చుకున్నాక మిద్దెమీది తొట్టిలోనో పెద్ద టబ్‌లోనో అరగంట ముంచి ఉంచండి. పైకి తీసి, ధారగా కారడం ఆగి చుక్కలుగా పడే దాకా ఎంతసేపు పట్టిందో చూసి, మళ్లీ తూచండి. తడి బరువుకూ పొడి బరువుకూ ఉన్న తేడా మీరు రోజంతా ప్రతి అడుగుకీ ఎత్తాల్సిన బరువు. ఫెల్ట్ (నొక్కిన పీచు గుడ్డ) సోలు, తోలు, మందపాటి స్పాంజి ఉన్నవి ఎక్కువ నీళ్లు పట్టి ఉంచుకుంటాయి.

ఆ తడి బూట్లతోనే ఒక గంట నడవాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. పొడిగా ఉన్నప్పుడు హాయిగా ఉన్న బూటు తడిశాక సాగుతుంది, మడమ లోపల పైకీ కిందికీ కదలడం మొదలవుతుంది, బొబ్బలు అక్కడే లేస్తాయి. లేసులు తడిశాక వదులవుతున్నాయా, తడి ముడి విప్పడానికి గోళ్లు నొప్పెడుతున్నాయా అన్నదీ చూసుకోండి.

రాత్రికి లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. మన ఎండలో పెట్టకండి, మూసిన కారులో అసలే వద్దు. ఆ వేడికి జిగురు మెత్తబడి సోలు ఊడివస్తుంది. ఇలా తడపడం, నడవడం, ఆరబెట్టడం ఒక్కరోజుతో ఆపకుండా కొన్ని వారాలు సాగించాలి. జిగురు లోపం మొదటిసారే బయటపడదు. అంచు లేస్తున్నట్టు కనిపిస్తే వెంటనే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే అన్నకు చూపించండి. చుట్టూ ఒక కుట్టు వేయించడం ఊరు దాటాక వెతుక్కోవడం కంటే తేలిక.

వాగు ఎక్కడ? అనుమతి ఎలా?

శేషాచలం అడవి ఎర్రచందనం ఉన్న చోటు. వీపున పెద్ద బ్యాగుతో అనుమతి లేకుండా లోపల తిరిగితే అటవీశాఖ ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది. టికెట్ తీసుకుని, సందర్శకులను అనుమతించిన చోటే, ఆ రోజు నీళ్లలో దిగనిస్తున్నారో లేదో అడిగి దిగాలి. రాడ్ ఇంట్లోనే వదిలేయండి. జాతీయ పార్కులో చేపలు పట్టడం నేరం, మన పరీక్షకు గాలంతో పనీ లేదు. పుత్తూరు వైపు వాళ్లకు కైలాసకోన దగ్గర. పలమనేరు, కుప్పం వైపు వాళ్లకు కైగల్ ఉంది. అటువైపు ఏనుగులు తిరుగుతాయి కాబట్టి పొద్దెక్కాక వెళ్లి, పొద్దు వాలకముందే వచ్చేయాలి.

కపిలతీర్థం, ఆకాశగంగ, పాపవినాశనం లాంటి తీర్థాల్లో బూట్లతో దిగే ఆలోచనే రాకూడదు. కల్యాణి డ్యామ్ నీళ్లు తిరుమల, తిరుపతి జనం తాగేవి. అక్కడా వద్దు.

వానలు ఎక్కువగా ఉన్న రోజుల్లో వెళ్లకండి. 2021 నవంబరులో కొండ మీద నుంచి వచ్చిన వరద తిరుపతి వీధుల్ని ఎలా ముంచిందో మనం చూశాం. పైన కురిసిన వాన కింద ఎండ కాస్తున్నా వాగులోకి వచ్చేస్తుంది. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైనా ఆ క్షణమే ఒడ్డెక్కండి. ఒంటరిగా మాత్రం దిగవద్దు.

రాళ్ల మీద: అసలు పరీక్ష

మన ప్రాంతానికి ఉన్న గొప్ప సౌలభ్యం రెండు రకాల రాళ్లు దగ్గర దగ్గరగా దొరకడం. తిరుమల ఘాట్ రోడ్డులో కింద పాత గ్రానైటు, దానిమీద క్వార్ట్‌జైటు పొరలు కూర్చున్న చోటును భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. తలకోన వైపు వాగుల్లో క్వార్ట్‌జైటు పలకలు, బండలు ఉంటాయి. పలమనేరు వైపు గ్రానైటు జాతి గుండు రాళ్లు. ఒకే సోలు ఈ రెండింటిమీదా ఒకేలా పట్టదు.

చీలమండ లోతు నీళ్లలో మొదలుపెట్టండి. మోకాలు దాటి పోవాల్సిన పని ఈ పరీక్షలో లేదు. చేతిలో గట్టి వెదురు కర్ర ఉండాలి. ప్రవాహానికి పక్కగా నిలబడి, కర్రను ఎగువ వైపు ఆనించి, ఒక కాలు నిలదొక్కుకున్నాకే రెండోది జరపండి. కాళ్లు ఒకదానిమీదుగా ఒకటి దాటనివ్వకండి. మొదట పాచి లేని తడి బండ, తర్వాత పాచి పట్టిన బండ, తర్వాత కదిలే గులకరాళ్లు, చివరగా ఒడ్డున బురద, తడి గడ్డి. ప్రతిచోటా ఆగి, కొద్దికొద్దిగా బరువు ఆ కాలిమీదికి మార్చి, సోలు ఎప్పుడు జారడం మొదలవుతుందో గమనించండి. మిత్రుడి దగ్గర వేరే సోలు బూట్లు, మీ సైజువి, ఉంటే కుడికాలికి ఒకటి, ఎడమకాలికి ఇంకొకటి వేసుకుని చూడండి. చీలమండ లోతు వరకే. ఒకే బండ మీద ఒకే నిమిషంలో రెంటికీ తేడా కాలికే తెలిసిపోతుంది.

ఫెల్ట్ సోలు పీచులు పాచిలోకి దిగి రాయిని పట్టుకుంటాయి, అందుకే పాచి రాళ్లమీద దానికి మంచి పేరు. కానీ బురద ఒడ్డు ఎక్కేటప్పుడు, తడి గడ్డి మీద అది జారుతుంది. మంచులో నడిస్తే అడుగున మంచు గడ్డకట్టి అతుక్కుంటుంది. ఉత్త రబ్బరు సోలు నడకకు బాగుంటుంది, పాచి మీద తేలిపోతుంది. రబ్బరుకు మేకుల్లాంటి స్టడ్స్ బిగిస్తే అవి పాచిని చీల్చుకుని రాయిని గీరి పట్టుకుంటాయి. పాచి లేని నున్నటి గట్టి బండమీద మాత్రం ఆ స్టడ్సే కిర్రుమని జారవచ్చు. క్వార్ట్‌జైటు ఉక్కు కంటే గట్టి రాయి, మామూలు ఉక్కు స్టడ్స్ దానిమీద తొందరగా అరిగిపోతాయి. టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలు ఉన్నవి నిలుస్తాయి. వాగు నుంచి తిరిగొచ్చాక ఎన్ని స్టడ్స్ ఊడాయో లెక్కపెట్టుకోవడం మర్చిపోకండి.

నా సలహా రబ్బరు సోలు, కార్బైడ్ స్టడ్స్. పట్టులో ఫెల్ట్ కొంచెం మెరుగన్నది నిజమే. కానీ ఫెల్ట్ గంటల తరబడి తడిగా ఉండి, ఒక నది పాచినీ సూక్ష్మజీవుల్నీ ఇంకో నదికి మోసుకుపోతుంది. న్యూజిలాండ్‌లో 2004లో డిడిమో అనే పాచి నదుల్లో కనిపించాక, 2008లో ఫెల్ట్ సోళ్లనే నిషేధించారు. చిన్న చిన్న హిమాలయ నదులకు ఆ ముప్పు మనవల్ల రాకూడదు.

ఇసుక పరీక్షకు స్వర్ణముఖి చాలు. నీళ్లు పలచగా పారుతున్న చోట పది నిమిషాలు నడిచి బూటు విప్పి చూడండి. లోపల గుప్పెడు ఇసుక ఉంటే పైన గ్రావెల్ గార్డ్, అంటే బూటు మూతిని కప్పే పట్టీ, బిగించుకోవాలి. లేకపోతే ఆ ఇసుక బూటు లోపల వేడర్స్ సాక్స్‌ను ఒరిసి చిల్లు పెడుతుంది.

బ్యాగు సంగతి

అమ్మేవాళ్లు వాటర్‌ప్రూఫ్ అన్న ప్రతి బ్యాగూ ఒకటి కాదు. నీళ్లకు ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు చూడండి. ఐపీఎక్స్6 అంటే గట్టిగా కొట్టే నీటి ధారకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు మునిగినా లోపలికి నీళ్లు రావు. ఏ గుర్తూ లేకుండా వానకు తట్టుకుంటుంది అని మాత్రమే ఉంటే, జారిపడినప్పుడు ఫోన్ తడవడం ఖాయం. లోపల టిష్యూ పేపర్లు పరిచి, మూతి మూసి, తొట్టిలో అరగంట నొక్కి పెట్టండి. బ్యాగు పైకి తేలుతుంది, మీద రాయి పెట్టాలి. మూతి చుట్టే రకమైతే కనీసం మూడు మడతలు వేయాలి. తీశాక ఏ మూల టిష్యూ తడిసిందో చూస్తే లోపం కుట్టుదా, జిప్పుదా తెలిసిపోతుంది.

బరువు పరీక్షకు లీటరు నీళ్ల సీసాలు పెట్టండి, సీసాకు కిలో లెక్క. అయిదింటితో మొదలుపెడితే ఒకరోజు వేట సామానుకు దగ్గరగా ఉంటుంది. ఈ బరువుతో శ్రీవారి మెట్టు దారిలోని 2,388 మెట్లు ఎక్కితే పట్టీలు భుజాన్ని ఎక్కడ కోస్తున్నాయో, వీపు ఎంత చెమట పడుతోందో తెలుస్తుంది. కానీ అది కొండకు నడిచి వెళ్లే దారి. బూట్లు వేసుకోవద్దు. మీరు ఎలాగూ దర్శనానికి వెళ్తుంటే, వట్టి కాళ్లతో, సీసాల బదులు మీ బట్టలూ నీళ్లూ పెట్టుకుని ఎక్కండి. దర్శనం పని లేనప్పుడు మీ ఊరి గుట్ట చాలు.

తర్వాత ఏదైనా ఖాళీ మైదానంలో, బ్యాగు వీపున ఉండగానే రాడ్ ఊపండి. కొక్కెం బదులు కొసకు ఉన్ని ముక్క కట్టండి. భుజం పట్టీ చెయ్యి లేవనివ్వడం లేదా? వేలాడే పట్టీ కొసలకు లైను చిక్కుకుంటోందా? ఆ కొసల్ని కత్తిరించి, దారం లేచిపోకుండా అంచు కాల్చేయండి, లేదా రబ్బరు బ్యాండుతో చుట్టండి.

ఇక మోకాలి లోతు నీళ్లలో నిలబడి, బ్యాగు కింద పెట్టకుండా ఎరల పెట్టె తీసి, ఒకటి మార్చి, మళ్లీ లోపల పెట్టి చూడండి. వీపు బ్యాగుల్లో ఎక్కువ భాగం ఈ పరీక్షలో ఓడిపోతాయి. ప్రతిసారీ ఒడ్డుకు రావాల్సి వస్తుంటే ఛాతీమీద చిన్న సంచి అదనంగా కావాలి, లేదా ఒక భుజం మీద నుంచి ముందుకు తిప్పుకునే స్లింగ్ బ్యాగుకు మారాలి. ఇంకో అలవాటు ఇప్పుడే చేసుకోండి: వడిగా పారే చోట దాటేముందు ఛాతీ క్లిప్పు, నడుము క్లిప్పు రెండూ విప్పేయాలి. కాలు తప్పితే బ్యాగు వదిలేసి బయటపడొచ్చు. తడి చేత్తో, ఒక్క చేత్తో ఆ క్లిప్పులు విప్పగలుగుతున్నారో లేదో ఇక్కడే తేల్చుకోండి. వేడర్స్ నడుము బెల్టు మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. పడినప్పుడు లోపలికి నీళ్లు నిండకుండా ఆపేది అదే.

ఇక్కడ తేలనివి

మన నీళ్లు వెచ్చన. కాళ్లు మొద్దుబారే చలిలో ఆ బూట్లు ఎలా ఉంటాయో, మొద్దుబారిన వేళ్లతో ఆ జిప్పు లాగగలరో లేదో ఇక్కడ తెలియదు. బకెట్లో ఐసు ముక్కలు వేసి, అందులో రెండు నిమిషాలు చేతులు పెట్టి, వెంటనే లేసు కట్టి చూడండి. కొంతవరకు అర్థమవుతుంది.

కడిగి, ఆరబెట్టి, సర్దడం

వాగు నుంచి వచ్చిన ప్రతిసారీ సోలు గాడుల్లో ఇరుక్కున్న మట్టి, పాచి, నత్తలు బ్రష్‌తో తీసేసి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడగండి. బ్యాగు పట్టీలు, జేబులు కూడా. స్టడ్స్ ఉన్న బూట్లను బ్యాగులో నేరుగా వేస్తే లోపలి పూత చిరుగుతుంది, పాత గోనె ముక్కలో చుట్టి పెట్టండి. బూట్లు ముట్టుకుంటే పొడిగా అనిపించాక కూడా కనీసం 48 గంటలు ఆగి, అప్పుడే హిమాచల్ ప్రయాణానికి సర్దుకోండి. తీర్థన్ నుంచి తిరిగొచ్చాక మన వాగులో మళ్లీ దిగేముందు కూడా ఇదే వరస.