వీఎంసీ టూల్ హోల్డర్ బ్యాలెన్సింగ్ ఎలా చేయించాలి?

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గర టైర్ల షాపులో ఆగితే, చక్రాన్ని మెషీన్ మీద తిప్పి రిమ్ముకు చిన్న బరువు కొట్టడం కనిపిస్తుంది. దండుమల్కాపూర్ ఇండస్ట్రియల్ పార్కులో మా వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషీన్) టూల్ హోల్డర్లకూ, అంటే కట్టర్‌ను పట్టుకునే భాగాలకూ, అదే పని కావాలి. కాకపోతే ఇక్కడ హోల్డర్‌ను తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్, నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది. వేగం రెండింతలైతే అన్‌బ్యాలెన్స్ వల్ల పుట్టే బలం నాలుగింతలవుతుంది. 3,000 దగ్గర చెవికి కూడా తెలియని దోషం 12,000 దగ్గర పదహారింతలై బేరింగుల మీద పడుతుంది.

మెషీన్ అదురుతుంటే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. బాగా నడుస్తున్న ఇంకో హోల్డర్ పెట్టి అదే వేగంలో తిప్పండి. అప్పుడూ అదురుతుంటే దోషం స్పిండిల్‌ది. దాన్ని మనం విప్పొద్దు, సర్వీస్ ఇంజనీర్‌ను పిలవాలి.

అదురు తగ్గితే పాత హోల్డర్ తీసి టేపర్‌ను (స్పిండిల్‌లో కూర్చునే ఏటవాలు భాగం), కాలెట్‌ను (కట్టర్‌ను బిగించి పట్టే చీలికల గొట్టం) నూలు పోగు రాలని గుడ్డతో తుడిచి మళ్లీ బిగించండి. డయల్ (మైక్రాన్లలో ఊగుడు చూపే ముల్లు గేజి) పెట్టి స్పిండిల్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. కట్టర్ దగ్గర ముల్లు 10 మైక్రాన్లు దాటి ఊగితే కాలెట్ మార్చండి. వంకరగా పట్టిన కట్టర్‌కు బ్యాలెన్సింగ్ చేయించడం డబ్బు దండగ.

తర్వాత పుల్ స్టడ్ (హోల్డర్‌ను స్పిండిల్‌లోకి లాగి పట్టే బోల్టు), కాలెట్, నట్, కట్టర్ అన్నీ బిగించి, పనిలో ఎంత పొడవు బయట ఉంటుందో అంతే ఉంచి బ్యాలెన్సింగ్ మెషీన్‌కు ఎక్కించాలి. జాబ్‌వర్క్‌కు బయట షాపుకు ఇచ్చినా ఇలాగే పంపండి. మేం ఒకసారి బ్యాలెన్స్ చేయించి తెచ్చిన హోల్డర్‌కు నట్ మార్చేశాం. అల్యూమినియం జాబ్ మీద అలల్లాంటి గీతలు మళ్లీ వచ్చాయి. ఒక పూటంతా ప్రోగ్రాంలో తప్పు వెతికాం.

ఎంతవరకు సరిచేయాలో లెక్క ఇది: 9,549ని గ్రేడ్‌తో (బ్యాలెన్స్ ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే అంకె), కిలోల్లో బరువుతో గుణించి వేగంతో భాగించాలి. జీ 2.5 గ్రేడ్, 1.2 కిలోలు, 12,000 చుట్లకు సుమారు 2.4 గ్రాము-మిల్లీమీటర్లు వస్తుంది; మిగిలే అన్‌బ్యాలెన్స్ ఇది దాటకూడదు. అంటే మధ్య నుంచి 20 మి.మీ. దూరంలో 0.12 గ్రాము. 4 మి.మీ. డ్రిల్లుతో మిల్లీమీటరున్నర లోతు కూడా గుచ్చనక్కర్లేని ఉక్కు!

బరువు ఎక్కువని మెషీన్ చూపిన వైపు మార్కర్‌తో గుర్తు పెట్టండి. హోల్డర్‌కు బ్యాలెన్సింగ్ స్క్రూలుంటే వాటితో, లేకపోతే చిన్న రంధ్రాలతో సరిచేస్తారు. టేపర్ మీద, ఏటీసీ (టూల్‌ను దానంతటదే మార్చే ఏర్పాటు) చెయ్యి పట్టే గాడిలో మాత్రం డ్రిల్ పెట్టనివ్వొద్దు. మళ్లీ తిప్పి చూశాక హోల్డర్‌కూ నట్‌కూ ఒకే నంబరు రాసి, రెండూ విడిపోకుండా దాచండి.